ముందు చెవికి పని చెప్పండి

పోయిన సంచికలో నేను 39వ ఏట చైనీస్ మొదలుపెట్టిన సంగతి నాలుగు వాక్యాల్లో రాశాను, అంతే. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చాలావరకు నలభై దాటినవాళ్లవే, దాదాపు అన్నీ హెచ్‌ఎస్‌కే గురించే, అంటే చైనీస్ మాతృభాష కానివాళ్ల కోసం చైనా పెట్టే ప్రావీణ్య పరీక్ష గురించే. నేను టీచర్ని కాను. మూడో స్థాయి ఒకేసారి, నాలుగో స్థాయి రెండోసారికి పాసై, ఇప్పుడు ఐదుకు చదువుతున్న మనిషిని. కాబట్టి చేసి చూసినంత వరకే చెబుతాను. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 43 ఏళ్లు, అకౌంట్స్‌లో పని. ఏడాదిగా యాప్‌లో చైనీస్ నేర్చుకుంటున్నాను. ఏ స్థాయికి కూర్చోవాలి? ఒకటి నుంచి వరసగా రాసుకుంటూ పోవాలా? ఎంత కాలం పడుతుంది? ఈ వయసులో నీకు అవుతుందా అని ఇంట్లో అందరూ అడుగుతున్నారు, నాకూ అదే అనుమానం.

జవాబు: వరసగా రాయక్కర్లేదండీ. ఏ స్థాయికి కావాలంటే ఆ స్థాయికి నేరుగా కూర్చోవచ్చు, కింది స్థాయి సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

2010లో వచ్చిన ఆరు స్థాయుల పద్ధతిలో ఒకటికి 150 మాటలు, రెండుకి 300, మూడుకి 600, నాలుగుకి 1200, ఐదుకి 2500, ఆరుకి 5000 రావాలి. మెట్టు మెట్టుకీ రెట్టింపు అవుతోంది చూడండి, అందుకే మొదటి రెండు మెట్లు ఎక్కిన వేగం చూసి మిగతావాటికి లెక్క వేసుకుంటే తప్పుతుంది. 2021లో చైనా తొమ్మిది స్థాయుల కొత్త ప్రమాణాలు ప్రకటించింది, ఏడు నుంచి తొమ్మిది వరకు కలిపి ఒకే పరీక్షగా 2022 నవంబరులో మొదలుపెట్టారు. కింది స్థాయులు కూడా కొత్త సిలబస్ వైపు మారుతున్నాయి. అందుకని పుస్తకం కొనేముందు, ఫీజు కట్టేముందు, మీరు రాయబోయే తేదీకి ఏ సిలబస్ నడుస్తుందో అధికారిక వెబ్‌సైట్లో తప్పకుండా చూసుకోండి. ఇక్కడ నేను చెప్పే ప్రశ్నల సంఖ్యలు, మార్కులు ఆరు స్థాయుల పద్ధతివి.

నన్నడిగితే ఉద్యోగం కోసమో అడ్మిషన్ కోసమో సర్టిఫికెట్ అవసరం లేని పెద్దవాళ్లు నేరుగా మూడో స్థాయిని గురి పెట్టుకోవడం మేలు. ఒకటి, రెండు స్థాయుల్లో ప్రతి అక్షరం పైనా పిన్‌యిన్ ఉంటుంది, అంటే ఇంగ్లిష్ అక్షరాలతో రాసిన ఉచ్చారణ. రాత విభాగం ఉండదు. బాగా మార్కులొస్తాయి, మనకు భాష వచ్చేసినట్టే అనిపిస్తుంది, మూడుకి వెళ్లగానే పిన్‌యిన్ మాయమై కాళ్ల కింద నేల జారినట్టవుతుంది. పరీక్ష హాలంటేనే భయం, ముందు ఒకసారి కూర్చుని చూడాలి అనిపిస్తే రెండో స్థాయి రాయండి, దానికి అభ్యంతరం లేదు.

కాలం సంగతి. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ చైనీస్‌కు 88 వారాలు, 2200 క్లాసు గంటలు అని లెక్క వేసింది. ఆ అంకె చూసి కంగారు పడకండి, అది ఉద్యోగంలో ధారాళంగా మాట్లాడి చదివే స్థాయికి. మూడో స్థాయి దానికి చాలా ముందే వస్తుంది. రోజుకి గంట చొప్పున మానకుండా కూర్చుంటే నాకు పద్నాలుగు నెలలు పట్టింది. మీకు ఇప్పటికే ఏడాది చదువు ఉంది కాబట్టి ఆర్నెల్ల తర్వాత తేదీ చూసుకుని డబ్బు కట్టేయండి. తేదీ లేకపోతే పెద్దవాళ్ల చదువు సాగదు, ఇంట్లో ఏ పని వచ్చినా ముందు పక్కకు జరిగేది మన పుస్తకమే.

వయసు గురించి అడిగినవాళ్లకు ఒక్క సంగతి చెప్పండి. చైనీస్ నేర్చుకుంటున్న అమెరికన్ విద్యార్థులకు రెండు వారాల పాటు స్వరాలు, అంటే మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాలు, గుర్తుపట్టే అభ్యాసం చేయించి చూసిన ఒక అధ్యయనం 1999లో అచ్చయింది. వాళ్లు గుర్తుపట్టడం బాగా మెరుగైంది, ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఆ మెరుగు నిలిచే ఉంది. వాళ్లు చంటిపిల్లలు కారు, స్వరాలు లేని భాషలో పెరిగినవాళ్లు. చెవి నేర్చుకుంటుంది, నేర్పాలి అంతే.

ప్రశ్న: మేడమ్, మూడో స్థాయి పాఠాలన్నీ చదవగలను, అర్థం చెప్పగలను. ఆడియో పెడితే మాత్రం ఒక్క ముక్క అందదు. తర్వాత స్క్రిప్ట్ చూస్తే అన్నీ తెలిసిన మాటలే, ఏడుపొస్తుంది. ఇది చెవి లోపమా, వయసా?

జవాబు: రెండూ కాదమ్మా. మనం నేర్చుకున్న వరస తలకిందులైంది. పిల్లలు ముందు విని, తర్వాత మాట్లాడి, ఎప్పటికో చదువుతారు. మనం పుస్తకం తెరిచి కంటితో మొదలుపెడతాం, ఎందుకంటే పాతికేళ్లుగా మనకు చదువంటే అదే. ఆరు వందల మాటలు కంటికి వస్తాయి, చెవికి అందులో రెండు వందలు కూడా రావు. మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి నాలుగో స్థాయి పరీక్షే గుర్తొచ్చింది.

మూడో స్థాయి దాకా ప్రతి అంశాన్నీ రెండేసి సార్లు వినిపిస్తారు. నాలుగు నుంచి ఒక్కసారే. ఆ సంగతి నాకు తెలుసు, కానీ తెలియడం వేరు, హాల్లో కూర్చోవడం వేరు. పన్నెండో ప్రశ్నలో ఒక మాట అందలేదు, అది తెలిసిన మాటే, ఎక్కడో విన్నాను, ఎక్కడ విన్నాను అని ఆలోచిస్తూ పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. తల ఎత్తేసరికి స్పీకర్లో పదిహేనో ప్రశ్న నడుస్తోంది. ఒక మాట కోసం మూడు ప్రశ్నలు పోయాయి, ఆ పోయినవాటి బెంగతో ఇంకో రెండు పోయాయి. ఆ రోజు నుంచి నా చదువు పద్ధతి మార్చుకున్నాను.

ఏం చేశానో చెబుతాను. అరనిమిషం ఆడియో ముక్క ఒకటి తీసుకోవాలి, అంతకంటే పెద్దది వద్దు. స్క్రిప్ట్ చూడకుండా మూడుసార్లు వినాలి. విన్నది విన్నట్టు కాగితం మీద రాయాలి, అక్షరాలు రాకపోతే పిన్‌యిన్‌లో, అదీ రాకపోతే తెలుగులోనైనా సరే. అప్పుడు స్క్రిప్ట్ తెరిచి ఎక్కడ తెగిందో గుర్తు పెట్టుకోవాలి. మాట తెలియక తెగిందా, తెలిసిన మాటే కలిపి పలికినందువల్ల తెగిందా అన్నది ఇక్కడ బయటపడుతుంది, నాకు పదిలో ఏడు రెండో రకమే. ఆ తర్వాత ఆడియోతో పాటే, వాళ్ల వేగంతోనే, గొంతెత్తి చదవాలి, నోరు తడబడకుండా వచ్చేదాకా. రోజుకి ఇరవై నిమిషాల పని. మొదటి మూడు వారాలు ఏమీ మారినట్టు అనిపించదు. అప్పుడే చాలామంది మానేస్తారు, దయచేసి మీరు మానకండి.

ఫ్లాష్‌కార్డులు వాడుతుంటే, అంకీ లాంటి యాప్ అయితే ఇంకా సులువు, కార్డు ముందువైపు అక్షరం తీసేసి శబ్దం ఒక్కటే పెట్టుకోండి. విని అర్థం చెప్పగలిగితేనే వచ్చినట్టు లెక్క. మీకు వచ్చిన మాటల సంఖ్య ఒక్కసారిగా సగానికి పడిపోతుంది, బాధగానే ఉంటుంది, కానీ పరీక్ష హాల్లో పనికొచ్చేది ఆ సగమే. ఒకే గొంతుకు అలవాటు పడిపోకండి, ఆడ, మగ, పెద్ద, చిన్న, వేగంగా మాట్లాడేవాళ్లు, నసిగేవాళ్లు, అందరినీ వినండి.

ఇంకొకటి, ప్రశ్నలు తయారుచేసేవాళ్ల అలవాటు పట్టుకోవాలి. సంభాషణలో ఆవిడ 'టాక్సీలో వెళ్దామా' అంటుంది, ఆయన 'ఈ టైములో రోడ్డంతా జామ్, మెట్రో అయితే తొందరగా వెళ్తాం' అంటాడు. ప్రశ్నపత్రంలో టాక్సీ, మెట్రో రెండూ ఉంటాయి. మాట వినపడింది కదా అని టాక్సీకి టిక్కు పెట్టేస్తాం. అందుకే 'పన్‌లాయ్' అన్న మాట వినపడగానే చెవులు రిక్కించండి, దానర్థం 'అసలు అనుకున్నదేమిటంటే' అని, అది వచ్చిందంటే అనుకున్నది జరగలేదనే తర్వాత చెబుతారు. 'తాన్‌షి' అంటే కానీ, 'ఛీషి' అంటే నిజానికి. జవాబు ఎక్కువసార్లు వీటి వెనకే ఉంటుంది. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య ఖాళీలో తర్వాతి ప్రశ్న ఆప్షన్లు చదివేసుకోండి. అందని ప్రశ్నకు ఏదో ఒకటి గుర్తు పెట్టి వదిలేయండి, వెనక్కి చూడొద్దు.

ప్రశ్న: ఎంత ప్రయత్నించినా నోరు తిరగడం లేదు. నేను అన్నది చైనీస్ టీచర్‌కి అర్థం కావడం లేదు. పిన్‌యిన్‌లో ఉన్నట్టే పలుకుతున్నాను కదా మేడమ్?

జవాబు: పిన్‌యిన్‌ను ఇంగ్లిష్ చదివినట్టు చదువుతున్నారు, చిక్కంతా అక్కడే. మన తెలుగు అక్షరమాల పక్కన పెట్టుకుంటే చాలా ముడులు విడిపోతాయి. పిన్‌యిన్‌లో బీ అక్షరం చూసి మనం 'బ' అంటాం. చైనీస్‌లో ఆ 'బ' లేదు. అక్కడ పలకాల్సింది 'ప'. మరి పీ అక్షరం ఏమిటంటే 'ఫ', అంటే ఒత్తు ఫ, ఫలంలో రావాల్సింది, రెండు పెదాలూ కలిసి గాలితో విడిపోయేది. 'ఫోన్'లో పళ్లు పెదానికి తగిలి వచ్చే శబ్దం వేరు, దానికి చైనీస్‌లో ఎఫ్ ఉంది. అలాగే డీ అంటే 'త', టీ అంటే 'థ'. జీ అంటే 'క', కే అంటే 'ఖ'. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లకు ఈ తేడా వివరించడానికి గంట పడుతుంది, మనకు ఒకటో తరగతిలోనే నేర్పారు. కాకపోతే రోజువారీ మాటల్లో మనం ఒత్తులు సరిగా పలకం, అందుకని పల్చటి కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని క, ఖ అనండి. 'ఖ'కి కాగితం ఎగరాలి, 'క'కి కదలకూడదు.

శ, ష, స కూడా అంతే. పిన్‌యిన్‌లో ఎక్స్ మన 'శ'కి దగ్గర, ఎస్‌హెచ్ నాలుక మడిచి పలికే 'ష', ఎస్ మామూలు 'స'. చిన్నప్పుడు తెలుగు మాస్టారు శ, ష తేడా పలికించి పలికించి విసిగిస్తే దీని వల్ల ఏం లాభం అనుకునేదాన్ని, ఆ లాభం నాకు ముప్పై ఏళ్ల తర్వాత కనిపించింది. 'చిలక' అన్నప్పటి చ, 'చలి' అన్నప్పటి చ ఒకటి కావు, గమనించారా? మొదటిది పిన్‌యిన్ జేకి, రెండోది జెడ్‌కి దగ్గర. జెడ్‌హెచ్ పలకాలంటే 'ట' అనబోతున్నట్టు నాలుక వెనక్కి మడిచి 'చ' అనండి. రెండు చుక్కల యూ మనకు లేదు, 'ఈ' అంటూనే పెదాలు సున్నాలా చుట్టాలి.

స్వరాలు నాలుగూ మన నోట రోజూ వస్తూనే ఉంటాయి, మాటకు కట్టి ఉండవు, అంతే తేడా. ఎవరో ఏదో అంటే వినపడక 'ఆఁ?' అంటాం, అది రెండో స్వరం. పిల్లాడు ప్లగ్గులో వేలు పెట్టబోతే 'వద్దు!' అని కొట్టినట్టు అంటాం, అది నాలుగోది. శ్రుతి పట్టి ఎత్తుగా నిలిపితే ఒకటోది. మూడోది కిందికి దిగి మళ్లీ లేస్తుందని పుస్తకాల్లో బొమ్మ వేస్తారు, మాటల మధ్యలో అది చాలాసార్లు లేవదు, కింద అలా ఉండిపోతుంది, అంతే. మూడో స్వరం మాటలు రెండు పక్కపక్కన వస్తే మొదటిది రెండో స్వరం అవుతుంది. మన అసలు పొరపాటు ప్రశ్న అడిగేటప్పుడు. తెలుగులో అడిగినట్టు చివరి మాటను పైకి లాగుతాం, దాంతో ఆ మాట స్వరమే మారిపోతుంది. స్వరం మారితే ఏమవుతుందో చూడండి, 'మాయ్'ని మూడో స్వరంలో అంటే కొనడం, నాలుగో స్వరంలో అంటే అమ్మడం. కొంటారా అని అడగబోయి అమ్ముతారా అని అడిగితే ఎదుటివాళ్లు తెల్లమొహం వేయరూ మరి!

ప్రశ్న: హెచ్‌ఎస్‌కేలో మాట్లాడించే భాగం ఉంటుందా?

జవాబు: ఆరు స్థాయుల పద్ధతిలో ఉండదు. మాట్లాడటానికి హెచ్‌ఎస్‌కేకే అని వేరే పరీక్ష ఉంది, ప్రాథమిక, మధ్యమ, ఉన్నత అని మూడు అంచెలు. యూనివర్సిటీ అడ్మిషన్ కోసం అయితే మీరు చేరబోయే చోట అది కూడా అడుగుతారేమో ముందే కనుక్కోండి. చైనా యూనివర్సిటీల్లో చేరడానికి హెచ్‌ఎస్‌కే స్కోరు పరీక్ష రోజు నుంచి రెండేళ్లు చెల్లుతుంది, కాబట్టి మరీ ముందుగా రాసి పెట్టుకోవద్దు.

ప్రశ్న: ఇద్దరు చిన్నపిల్లలు, ఉద్యోగం, అత్తగారికి ఒంట్లో బాగుండదు. రోజుకి గంట అంటే నాకు నవ్వొస్తుంది మేడమ్. నాలాంటివాళ్లు ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: వదులుకోవద్దు. గంట ఒకేసారి దొరకదు, నాకూ దొరకలేదు. పొద్దున్నే ఎవరూ లేవకముందు ఇరవై నిమిషాలు కొత్త పాఠం, అదొక్కటి కాపాడుకోండి, బుర్ర తాజాగా ఉండేది అప్పుడే. చేతులు పనిలో ఉండి చెవులు ఖాళీగా ఉన్న సమయమంతా, బట్టలు మడతపెడుతున్నప్పుడు, ప్రయాణంలో, పాత పాఠాల ఆడియోకి ఇవ్వండి, కొత్తది వద్దు, సగం మనసుతో కొత్తది తలకెక్కదు. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు కార్డులు. కొత్త మాటలు రోజుకి ఐదు చాలు. ఐదంటే నాలుగు నెలల్లో ఆరు వందలు. మధ్యలో జ్వరాలు, చుట్టాలు, ఆఫీసు పనులు వస్తాయి కాబట్టి ఎనిమిది నెలలు అనుకోండి, అయినా తక్కువేం కాదు. నాలుగు రోజులు మానాల్సి వస్తే పేరుకుపోయిన కార్డులన్నీ ఒకే రాత్రి తీర్చాలని కూర్చోకండి, పాతవి రోజుకి కొన్ని తీరుస్తూ, అవి అయ్యేదాకా కొత్తవి ఆపేయండి.

ప్రశ్న: ఇన్ని అక్షరాలు చేత్తో రాయడం నేర్చుకోవాలా? నాకు రెండు రోజులకే మర్చిపోతున్నాయి.

జవాబు: కంప్యూటర్ మీద పరీక్ష రాసే కేంద్రం ఎంచుకుంటే పిన్‌యిన్ టైపు చేసి వచ్చిన అక్షరాల్లోంచి సరైనది ఎంచుకుంటారు. కాగితం మీద అయితే చేత్తో రాయాలి. పెద్దవాళ్లు ఎక్కువమంది కంప్యూటర్ వైపే వెళ్లడం మంచిదని నా అభిప్రాయం, చేతిరాతకు పోసే గంటలు వినడానికి పోయొచ్చు. అయినా ఒక రెండు మూడు వందల అక్షరాలు చేత్తో రాసి చూడండి. ఇందాక చెప్పిన కొనడం, అమ్మడం తీసుకోండి. కొనడం అక్షరం నెత్తిన కూడిక గుర్తు లాంటిది పెడితే అమ్మడం అవుతుంది. కంటితో చూసి వదిలేస్తే ఈ రెండూ ఎప్పటికీ కలిసిపోతాయి, చేత్తో నాలుగుసార్లు గీస్తే విడిపోతాయి.

మర్చిపోవడం ఎందుకంటే అక్షరాన్ని బొమ్మలా మొత్తంగా గుర్తుపెట్టుకుంటున్నారు. చాలా అక్షరాలు రెండు ముక్కలు, ఒకటి అర్థం సూచిస్తుంది, ఒకటి శబ్దం సూచిస్తుంది. ఒక కుటుంబం చూడండి. 'ఛింగ్' అని పలికే ఒక ముక్క ఉంది. దాని ఎడమ పక్కన నీటి గుర్తు, అంటే మూడు చుక్కలు పెడితే తేట అని అర్థం. మాట గుర్తు పెడితే దయచేసి అని, పిలవడం అని. మనసు గుర్తు పెడితే భావం. సూర్యుడి గుర్తు పెడితే మబ్బు విడి ఆకాశం తేటపడటం. నాలుగూ ఛింగే, స్వరాలు మాత్రం అటూ ఇటూ మారతాయి. ఇది పట్టుబడిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను, అంతవరకు నాలుగు వేరే వేరే గీతల కుప్పలుగా బట్టీ పట్టినవి ఒకే ఇంటి పిల్లలని తెలిసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. శబ్దం ముక్క అన్నిసార్లూ ఇంత కచ్చితంగా పలకదు, కాలం గడిచి ఉచ్చారణలు మారిపోయాయి, అయినా ఊహించడానికి ఆధారం ఇస్తుంది.

సంప్రదాయ నిఘంటువుల్లో ఇలాంటి అర్థం గుర్తులు 214 ఉన్నాయి. అన్నీ ముందే కూర్చుని నేర్చుకోవద్దు. నీరు, మనిషి, చెయ్యి, నోరు, మాట, మనసు, చెట్టు, సూర్యుడు, ఇలా తరచూ తగిలేవి ఒక నలభై చాలు. ప్లెకో నిఘంటువు యాప్‌లో ఏ అక్షరాన్నైనా ముక్కలు చేసి చూసుకోవచ్చు.

ప్రశ్న: నాలుగో స్థాయిలో ముక్కలుగా ఇచ్చిన వాక్యాన్ని వరసలో పెట్టమంటారు కదా, నాకు పదిలో మూడు కూడా రావు. వ్యాకరణం పుస్తకం రెండుసార్లు చదివాను.

జవాబు: ఆ వ్యాకరణం పుస్తకం ఇంగ్లిష్‌లో ఉండి ఉంటుంది. మనం చైనీస్‌ను ఇంగ్లిష్ గుండా నేర్చుకుంటాం, అందువల్ల ఇంగ్లిష్‌వాళ్లకు కష్టమైనవన్నీ మనకూ కష్టమే అనుకుని మోస్తుంటాం. ఒకసారి తెలుగులో అనుకుని చూడండి. 'నేను నిన్న కొన్న పుస్తకం.' చైనీస్ వరస: నేను, నిన్న, కొను, 'త', పుస్తకం. ఆ 'త' అన్న చిన్న మాట మన 'కొన్న'లోని 'న్న' చేసే పనే చేస్తుంది. ఇంగ్లిష్‌లో పుస్తకం ముందొచ్చి వివరణ వెనక తోకలా వస్తుంది, మనకూ చైనీస్‌కూ వివరణంతా ముందే. ఎంత పొడుగు వివరణ అయినా సరే. 'నేను రేపు లైబ్రరీలో చదువుకుంటాను', ఇదీ అదే వరస, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఆ తర్వాత పని. మామూలు వాక్యంలో తేడా వచ్చేది కర్మ దగ్గర. మనం పుస్తకం చదువుతాం అంటాం, వాళ్లు చదువుతాం పుస్తకం అంటారు.

అక్కడ కూడా ఒక మినహాయింపు ఉంది, పరీక్షలో వాళ్లకు అదంటే మహా ఇష్టం. 'పా' వాక్యం. 'నేను పుస్తకాన్ని బల్ల మీద పెట్టాను' అనాలంటే నేను, 'పా', పుస్తకం, పెట్టు, ఆ తర్వాత బల్ల మీద అని వస్తుంది. కర్మ మళ్లీ క్రియ ముందుకొచ్చేసింది. ఆ 'పా'ని మన ని, ను విభక్తి అనుకోండి, ఫలానా పుస్తకాన్ని ఫలానా చోట ఏదో చేశాం అన్నప్పుడు వస్తుంది. దీనికి ఒక్క నియమం: 'పా' ఉన్న వాక్యంలో క్రియ ఒంటరిగా ఉండకూడదు, దాని వెనక ఎక్కడ పెట్టామో, ఏమైందో చెప్పే మాట ఉండాలి. ముక్కల్లో 'పా' కనపడగానే దాని పక్కన కర్మ, ఆ పక్కన క్రియ, క్రియ వెనక ఫలితం పెట్టేయండి, సగం వాక్యం కుదిరిపోతుంది.

చైనీస్‌లో 'ల' అన్న చిన్న మాట గురించి నలుగురు అడిగారు. అది భూతకాలం గుర్తు అని నేర్చుకుంటే ఇరుక్కుపోతారు. 'రేపు క్లాసు అయ్యాక వెళ్తాను' అన్న వాక్యంలో కూడా ఆ 'ల' వస్తుంది, అది రేపటి సంగతి! మన 'చదివేశాను', 'అయిపోయాక' లాంటి మాటల్లో పని పూర్తయిందన్న భావం ఉంటుంది కదా, క్రియ పక్కన వచ్చే 'ల' అది. వాక్యం చివర వచ్చే 'ల' ఇంకో రకం, కిటికీలోంచి చూసి 'వానొచ్చేసింది' అంటాం చూడండి, ఇందాక లేదు, ఇప్పుడుంది అని. ఆ మార్పు చెప్పడానికి వస్తుంది.

ప్రశ్న: అక్కా, మా అమ్మకి 58. రిటైరయ్యాక చైనీస్ మొదలుపెట్టింది, మూడో స్థాయి రాస్తానంటోంది. ఫెయిలైతే బాధపడుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. వద్దని చెప్పనా?

జవాబు: చెప్పకు తల్లీ. ఆ వయసులో మనంతట మనం ఎంచుకుని రాసే పరీక్షలు ఎన్ని ఉంటాయి చెప్పు. నువ్వు చేయగలిగిన సాయం వేరే ఉంది. రిజిస్ట్రేషన్‌లో పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో చూడు. కంప్యూటర్ పరీక్ష అయితే మౌస్, హెడ్‌ఫోన్ పెట్టుకుని టైములో పాత పేపర్లు నాలుగైనా చేయించు, కాగితం పరీక్ష అయితే జవాబు పత్రంలో గళ్లు నింపడం అలవాటు చేయించు, చాలా ఏళ్లుగా పరీక్ష రాయనివాళ్లకు చైనీస్ కంటే ఈ గళ్లే ఎక్కువ కంగారు పెడతాయి. సాయంత్రం ఒక పది నిమిషాలు అమ్మ ఎదురుగా కూర్చుని ఆవిడ చేత పాఠం పైకి చదివించుకో. నీకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా పర్వాలేదు, వినేవాళ్లుంటే నోరు తెరుచుకుంటుంది.

ప్రశ్న: నాలుగో స్థాయిలో 171 వచ్చాయి మేడమ్. వినడం 52, చదవడం 74, రాయడం 45. తొమ్మిది మార్కుల్లో పోయింది. మళ్లీ పుస్తకం మొదటి నుంచి చదవాలా?

జవాబు: తొమ్మిది మార్కులతో పోవడం ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు, నాకు మొదటిసారి పదమూడు తగ్గాయి. పుస్తకం మొదటి నుంచి మాత్రం వద్దు. 300కి 180 రావాలి, విడివిడిగా ప్రతి విభాగంలోనూ పాసవ్వాలన్న నియమం లేదు, మొత్తం చూస్తారు. ఇప్పుడు మీ మార్కుల్ని దగ్గరగా చూడండి. వినడంలో 45 ప్రశ్నలకు 100 మార్కులు, చదవడంలో 40 ప్రశ్నలకు 100, రాయడంలో 15 ప్రశ్నలకే 100. అంటే రాయడంలో ఒక్క ప్రశ్న విలువ సగటున ఆరున్నర మార్కుల పైమాటే, వినడంలో రెండుంబావు. మీకు తక్కువ పడ్డ తొమ్మిదీ రాతలో రెండు ప్రశ్నలు సరిగా చేస్తే వచ్చేస్తాయి. మనమేమో ఎక్కువ ప్రశ్నలున్న చోట ఎక్కువ చదువుతాం, రాతను చివర్లో తూతూమంత్రంగా ముగిస్తాం.

రాతలో పది ప్రశ్నలు వరసలో పెట్టేవి, వాటికి పైన చెప్పినట్టు తెలుగు వరసతో రోజుకి పది చొప్పున నెలరోజులు చేయండి. మిగతా ఐదు బొమ్మ ఇచ్చి, ఒక మాట ఇచ్చి, వాక్యం రాయమనేవి. అక్కడ గొప్ప వాక్యం రాయాలని పోవద్దు. ఇచ్చిన మాట నామవాచకమా, క్రియా, విశేషణమా చూసుకుని, తప్పు లేకుండా వచ్చే ఒక వాక్యం రాసి, దానికి ఎప్పుడో ఎక్కడో ఒకటి చేర్చండి, చాలు. నేను ఇరవై వాక్యాల అచ్చులు నోటికి వచ్చేలా చేసుకుని వెళ్లాను, 'ఆవిడ ఫలానా పని చేస్తూ చాలా సంతోషంగా ఉన్నట్టుంది' లాంటివి, ఐదు బొమ్మల్లో మూడింటికి అవి సరిపోయాయి.

వినడం 52 దగ్గర ఉంది కాబట్టి దాన్ని వదిలేయకండి, అరనిమిషం ముక్కల పద్ధతి ఈ రోజే మొదలుపెట్టండి, అది మూడు నెలలకు గానీ ఫలితం చూపించదు. చదవడం 74 బాగానే ఉంది, వారానికి రెండు పేపర్లు టైము పెట్టుకుని చేస్తే అక్కడే నిలబడుతుంది. పరీక్ష ముందు రోజు కొత్త మాట ఒక్కటి కూడా ముట్టుకోకండి. పొద్దున బయల్దేరేటప్పుడు దారిలో పాత ఆడియో ఏదైనా పది నిమిషాలు వింటూ వెళ్లండి, హాల్లో మొదటి ప్రశ్న పడేసరికి చెవి చైనీస్‌లోకి వచ్చేసి ఉంటుంది. రెండోసారి నేను చేసింది అదే, మొదటి పది ప్రశ్నల్లో ఒక్కటి కూడా జారలేదు.